ఎడ్గార్ వాలెస్ జీవితసంగ్రహము

అపరాధపరిశోధక నవలలు కాలక్షేపమునకు దక్క మరి దేనికిని కొరగావని మేమును చిరకాలము చులకనగా జూచితిమి. ఒక మిత్రుని గ్రంథభాండారమున ఎడ్గార్ వాలెస్ రచించిన ది ఫోర్ జస్ట్ మెన్ అను నవల మా చేతబడినది. రాత్రి దీపమార్పక దానిని ముగించిన పిమ్మట గ్రంథకర్త యెవరో తెలిసికొనవలెనను కోరిక మాకు గలిగెను. ఆ చరిత్రము నవలకంటెను విచిత్రమైనది గావున పాఠకసోదరులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

వాలెస్ 1875 వ సంవత్సరము ఏప్రిల్ 1 వ తేదీన లండను నగరమందలి గ్రీనిచ్‌లో జన్మించెను. తల్లి నటకురాలు, వితంతువు. తండ్రి యామెను వివాహమాడినవాడు కాడు. లోకనిందకు వెరచి యామె పసికందును బిల్లింగ్స్‌గేటు చేపలబజారున పనిచేయు జార్జి ఫ్రీమన్ దంపతుల కప్పగించెను. తమకే పెక్కుమంది బిడ్డలున్నను ఆ పేదదంపతులు వానిని కన్నకొడుకువలె సాకిరి.

పండ్రెండవ యేట చదువు మాని, బాలుడు లడ్గేటు సర్కస్ కూడలిలో వార్తాపత్రికలమ్మెను, పాలు పోసెను, రబ్బరు కార్ఖానాలో కూలిచేసెను. పిదప సైన్యమున జేరి 1896 లో దక్షిణాఫ్రికాకేగెను. 1899 లో సొమ్ము చెల్లించి కొలువునుండి విడివడి పత్రికావిలేఖరి యయ్యెను. 1902 లో బోయరు యుద్ధపు సంధివార్తను అందరికంటె ముందుగా డెయిలీ మెయిల్ పత్రికకు జేర్చి ఖ్యాతిగాంచెను.

1905 లో తానే ప్రచురణసంస్థ నెలకొల్పి, తొలుత పేర్కొన్న నవలను ప్రకటించి, కథలోని హత్యారహస్యమును ఛేదించినవారికి 500 పౌనుల బహుమానము చాటెను. సరియైన సమాధానములు పెక్కు రాగలవని తలపడయ్యెను. గ్రంథము విరివిగా అమ్ముడుపోయెను. గ్రంథకర్త ఋణములలో మునిగెను.

అయినను కలము విడువలేదు. 170 కి పైగా నవలలును, నాటకములును, వందలకొలది కథలును రచించెను. నోట జెప్పుచు యంత్రమున నెక్కించి, కార్యదర్శిచే వ్రాయించి, మూడు దినములలో నవల ముగించిన సందర్భములు గలవు. మేధావియగు ఔత్సాహికుని బదులు పోలీసు ఉద్యోగినే కథానాయకునిగా నిలిపినవారిలో నాతడు ముఖ్యుడు.

దోషములను దాచుట చరిత్రధర్మము గాదు. గుఱ్ఱపుపందెములు వాని యార్జనను హరించెను. 1911 లో వెలువడిన సాండర్స్ ఆఫ్ ది రివర్ కథలలో ఆఫ్రికావాసులను తెల్లదొర యదలింపులకు లొంగు శిశువులవలె చిత్రించెను. పరపాలన రుచి యెరిగిన మనము దాని నామోదింపజాలము.

1931 లో బ్లాక్‌పూల్‌నుండి పార్లమెంటు సభ్యత్వమునకు పోటీచేసి యోడి, హాలీవుడ్డున కరిగెను. కింగ్ కాంగ్ చిత్రకథను సిద్ధపరచుచుండగా, 1932 ఫిబ్రవరి 10 వ తేదీన మధుమేహముతోడి శ్వాసకోశజ్వరముచే మరణించెను. మిగిల్చిన అప్పులు అపారము. కాని రెండేండ్లలో వాని గ్రంథముల రాబడియే వానిని తీర్చివైచెను. 1959 మొదలు జర్మనీదేశమున వాని కథలు చలనచిత్రములుగా వరుసగా వెలువడి కొత్తతరము నాకర్షించెను.

పత్రికలమ్మిన ఆ కూడలిలోనే నేడు వాని స్మారకఫలకము గలదు. ఫ్రీమన్ దంపతులు ఆ శిశువు పుట్టుకను విచారించి తలుపు మూసియుండినచో ఆ ఫలకము లేదు. కూడలులలో పత్రికలమ్ము బాలుని జూచినపుడు వాని కులగోత్రముల నడుగుటకు ముందు, వాడు చదువుకొనుచున్నాడా యని యడుగుడని మా ప్రార్థన.