మేరీ స్లెసరు దొరసానిగారు

శిశుప్రాణమును కాపాడగోరువారు తల్లి దుఃఖమును గూడ నెరిగి మెలగవలెను. ఇందులకు మేరీ స్లెసరు దొరసానిగారి చరిత్రము చక్కని నిదర్శనమని మేము తలంచి, మా చదువరుల కిచ్చట సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఈమె 1848వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీని స్కాట్లండు దేశమందలి అబర్డీను నగరమున జన్మించిరి. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. త్రాగుడునకు లోబడి కుటుంబమును పేదరికములో ముంచెను. అందుచే ఈమె పదునొకండవ యేటనే డండీ పట్టణపు మిల్లులో సగము దినము పనిచేయుచు, సగము దినము చదువుకొనిరి. 1876లో మిషనరీయై పశ్చిమాఫ్రికాలోని కాలబారునకు ఓడయెక్కిరి. ఆ ప్రదేశము నేటి నైజీరియాలో నున్నది.

అచ్చట కవలలు పుట్టుట గొప్ప కీడని జనులు నమ్ముచుండిరి. ఇద్దరిలో నొకరు దురాత్మకు బుట్టినవారని వారి భయము. అందుచే శిశువులను చంపుటయో, కుండలో నుంచి అడవిలో విడుచుటయో, తల్లిని ఊరినుండి వెళ్లగొట్టుటయో ఆచారమై యుండెను.

దీనిని చూచినవారికి కోపము కలుగుట సహజము. ఈమెయు స్వభావముచే శాంతమూర్తి కారు. అవసరమైనచో ఆయుధములు పట్టినవారికైనను ఎదురు నిలుచువారు. అయినను భయమునుండి పుట్టిన ఆచారము నిందలచే తొలగదని గ్రహించిరి. ఎఫిక్ భాషను చక్కగా నేర్చి, 1888లో ఒకోయోంగు ప్రాంతము జేరి, ఆ ప్రజల నడుమనే మట్టియింట కాపురముండిరి. పెద్దల పంచాయతీలు గంటలకొలది సాగుచుండగా ఊలు అల్లుకొనుచు ఓపికతో వినుచుండిరి. అచ్చటి నాయకుని సోదరి ఎమె యను నామె, ఎవరికేని ప్రాణాపాయము కలుగనున్నపుడు మందుసీసా పంపు నెపమున రహస్యముగా కబురంపుచుండెను. ఆ స్త్రీ గుట్టును దొరసానిగారు కాపాడిరి.

విడువబడిన శిశువులను తెచ్చి పెంచుటయే గాక, వెలివేయబడిన తల్లులకును నీడ నిచ్చిరి. కవలలలో నొకతెయైన జేనీని సొంత కూతురువలె పెంచి స్కాట్లండునకును తీసికొని పోయిరి. ఆ బిడ్డలున్న యింట నే కీడును కలుగకుండుట జనులు కన్నులార జూచిరి. భయము మెల్లమెల్లగా తగ్గెను. ప్రజలు ఈమెను అమ్మ యని పిలిచిరి. 1892లో ఆంగ్ల ప్రభుత్వమువారు ఈమెను వైస్ కాన్సలుగా నియమింపగా, తగవులు తీర్చు అధికారమును కలిగెను. 1915వ సంవత్సరము జనవరి 13వ తేదీని ఆ దేశముననే కన్నుమూసిరి.

ప్రియ విద్యార్థులారా! పుట్టిన బిడ్డ బ్రదుకవలెనని చెప్పుట సులభము. బిడ్డతోకూడ వీధిపాలైన తల్లికి తన యింట చాపవేయుట కష్టము. ఈమె రెండవది చేసిరి గనుకనే మొదటిది ఫలించెనని మా నమ్మకము.