వాన పడితే కొండచరియ ఎందుకు జారుతుంది? జవాబు వెతికిన కార్ల్ టెర్జాగీ ఎవరు?

ఘాట్ రోడ్డులో కొండ వైపు కట్టిన గోడను ఎప్పుడైనా గమనించారా? గోడ పొడవునా చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి బయటకు పొడుచుకొచ్చిన పైపు ముక్కలు కనిపిస్తాయి. వానాకాలంలో వాటి నుంచి నీళ్లు కారుతుంటాయి. గోడ పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ నీళ్లు బయటకు రాకపోతేనే ప్రమాదం.

2024 ఆగస్టు 31న భారీ వర్షానికి విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే బుడమేరు కట్టకు గండ్లు పడి నగరంలో చాలా కాలనీలు మునిగాయి. కొండ జారడం, కట్ట తెగడం వేర్వేరుగా కనిపించినా, మట్టిలో చేరిన నీరు ఏం చేస్తుందన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంటుంది. ఆ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పిన ఇంజినీర్ కార్ల్ టెర్జాగీ.

ఇస్తాంబుల్‌లో మొదలైన పని

టెర్జాగీ 1883 అక్టోబర్ 2న ప్రాగ్‌లో పుట్టారు. అప్పట్లో ఆ నగరం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి సైనికాధికారి. గ్రాజ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివినా, ఆయన మనసు భూగర్భశాస్త్రం మీద ఉండేది. నిర్మాణ పనుల్లో చేరాక ఒక విషయం ఆయన్ను వదల్లేదు. ఉక్కు ఎంత బరువు మోస్తుందో ఇంజినీర్లు ముందే చెప్పగలుగుతున్నారు. దాని కింద ఉండే మట్టి గురించి మాత్రం అనుభవంతో అంచనా వేయడమే తప్ప లెక్క లేదు.

1912లో అమెరికా వెళ్లి, డ్యాములు కడుతున్న చోట్ల తిరిగి వివరాలు సేకరించారు. ఎన్ని చూసినా ఒక సూత్రం దొరకలేదు. నిరాశతోనే వెనక్కి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. యుద్ధంలో ఓటమితో ఆ ఉద్యోగం పోయింది. అక్కడే ఉన్న అమెరికన్ల రాబర్ట్ కాలేజీలో చేరి, దొరికిన సామాన్లతో పరికరాలు తయారుచేసుకుని మట్టిని పరీక్షించడం మొదలుపెట్టారు. ఆ ఫలితాలతో 1925లో వియన్నా నుంచి ఆయన పుస్తకం వచ్చింది. సాయిల్ మెకానిక్స్ అనే శాస్త్రం అక్కడి నుంచే మొదలైందని చెబుతారు.

ఆయన కనిపెట్టింది ఏమిటి?

మట్టి రేణువుల మధ్య ఖాళీలుంటాయి. పైనున్న బరువు రేణువులను ఒకదానికొకటి అదిమిపెడుతుంది. ఆ ఒరిపిడే వాలును నిలబెడుతుంది. వాన నీరు ఖాళీలను నింపి, పీడనం పెరిగితే బరువులో కొంత భాగాన్ని నీరే మోస్తుంది. రేణువుల మధ్య అదుము తగ్గుతుంది, ఒరిపిడి తగ్గుతుంది, వాలు జారుతుంది.

నీరు నూనెలా పనిచేసి మట్టిని జారుస్తుందని ఇప్పటికీ అనేకులు చెబుతుంటారు. అది పొరపాటని టెర్జాగీ 1950లో కొండచరియలపై రాసిన వ్యాసంలో వివరించారు. ఈ తేడా మాటల్లో చిన్నదే కానీ పనిలో చాలా పెద్దది. కారణం నీటి పీడనమైతే, వాలులోకి పైపులు దింపి నీటిని బయటకు లాగేస్తే జారుడును ఆపొచ్చు. గోడలో రంధ్రాలు అందుకే.

చెరువు కట్టకు బుంగ పడటం మరో రకం సమస్య. ఊట నీరు తనతోపాటు మట్టినీ లాక్కుపోతుంది. కట్ట కాలి దగ్గర ఊట తేటగా ఉందా, బురదగా ఉందా అని పెద్దవాళ్లు చూసేది ఇందుకే. నీటిని వదిలి మట్టిని ఆపేలా ఇసుక, కంకర పొరలు ఏ పరిమాణంలో ఉండాలో టెర్జాగీ నియమాలు ఇచ్చారు.

లండన్ దగ్గర జారిన కట్ట

1937లో లండన్ సమీపంలోని చింగ్‌ఫర్డ్‌లో కడుతున్న రిజర్వాయర్ కట్ట జారిపోయింది. యంత్రాలతో మట్టిని వేగంగా పోశారు. అడుగున మెత్తటి బంకమట్టి పొర ఉంది. అందులోని నీరు బయటకు పోయి, పొర గట్టిపడటానికి సమయం దొరకలేదు. తర్వాత టెర్జాగీ సలహాతో డిజైన్ మార్చారు. 1951లో ప్రారంభమైన ఆ రిజర్వాయర్‌కు విలియం గర్లింగ్ పేరు పెట్టారు.

1937లోనే వియన్నాలో విషాదం జరిగింది. ఆయన సిద్ధాంతాన్ని తీవ్రంగా విమర్శిస్తూ కరపత్రం వేసిన ప్రొఫెసర్ పాల్ ఫిలుంగర్, విశ్వవిద్యాలయ కమిటీ విచారణ సాగుతుండగా భార్యతో కలిసి ఆత్మహత్య చేసుకున్నారు. కమిటీ టెర్జాగీవైపే తేల్చింది. అయితే ఫిలుంగర్ పరిశోధనకూ విలువుందని తర్వాతి తరాలు గుర్తించాయి. విజేతల కథల్లో ఇలాంటి పేజీలను తిప్పేయడం సులువు.

నాజీలు ఆస్ట్రియాను కలుపుకున్న 1938లోనే టెర్జాగీ దేశం వదిలి, హార్వర్డ్‌లో స్థిరపడ్డారు.

ముందే తెలుసుకోవచ్చా?

కొండ హఠాత్తుగా కూలిందంటే టెర్జాగీ ఒప్పుకునేవారు కాదు. సంకేతాలు ముందే వచ్చి ఉంటాయని, చూసేవాళ్లు లేకపోయారని ఆయన అభిప్రాయం. వాలు పైభాగంలో పగుళ్లు, ఒరిగిన చెట్లు, స్తంభాలు, కొత్తగా మొదలైన ఊటలు అలాంటివే. నేడు ఇంజినీర్లు బోరు వేసి పీజోమీటర్‌తో నీటి పీడనాన్ని, ఇన్‌క్లినోమీటర్‌తో లోపలి కదలికను కొలుస్తారు. ఆ తర్వాతే వాలును చదును చేయాలా, పాదం దగ్గర బరువు వేయాలా, నీటిని తీయాలా అని నిర్ణయిస్తారు. కొలవకుండా గోడ కట్టేస్తే డబ్బు ఖర్చవుతుంది, కొండ మాత్రం కదులుతూనే ఉంటుంది.

1963 అక్టోబర్ 9న ఇటలీలోని వయోంట్ రిజర్వాయర్‌లోకి టోక్ కొండ వాలు 26 కోట్ల ఘనపు మీటర్లకు పైగా జారిపడింది. నీరు డ్యాము మీదుగా ఎగసి ఊళ్లను తుడిచేసింది. దాదాపు 2,000 మంది చనిపోయారు. డ్యాము మాత్రం నిలబడే ఉంది. ఆ కొండ కదులుతోందని మూడేళ్ల ముందు నుంచే తెలుసు, కొలతలు కూడా తీస్తున్నారు.

సరిగ్గా 16 రోజులకు, అక్టోబర్ 25న, 80 ఏళ్ల వయసులో టెర్జాగీ అమెరికాలో కన్నుమూశారు. కెనడాలో మెత్తటి బంకమట్టి నేల మీద ఆయన పర్యవేక్షణలో కట్టిన మిషన్ డ్యాముకు 1965లో ఆయన పేరు పెట్టారు.