భార్య కోసం బుల్లి బంగ్లా.. కోఠి రెసిడెన్సీ కట్టించిన దొర కథ ఇదీ!
హైదరాబాద్ కోఠి మహిళా యూనివర్సిటీలోని పెద్ద స్తంభాల మహల్ చూశారా? ఇటుక, సున్నంతో కట్టిన ఆ బ్రిటిష్ రెసిడెన్సీ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌ది. 1764లో మద్రాసులో పుట్టి, నిజాం దర్బార్‌లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంట్ అయ్యాడు. మీర్ ఆలం బంధువుల అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడి కంపెనీ విచారణనే ఎదుర్కొన్నాడు. అయినా ఆమెను వదల్లేదు.

1803లో మహల్ పనులు మొదలయ్యాయి. డిజైన్ లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్‌ది, ఖర్చు మాత్రం నిజాందే! ముందు ఆరు భారీ స్తంభాలు, 22 మెట్లు. పరదాలో ఉండే భార్య ముందువైపు చూడలేదని, అచ్చం ఇలాంటి బుల్లి భవనాన్నే వెనకాల కట్టించాడని చెబుతారు. అది ఇప్పటికీ ఉంది.

1805లో ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండ్ పంపేశారు. అదే అక్టోబర్‌లో, 41 ఏళ్లకే కలకత్తాలో కిర్క్‌పాట్రిక్ చనిపోయాడు. ఖైరున్నీసా తన పిల్లల్ని మళ్లీ చూడనేలేదు.