అన్నదమ్ములను మింగిన విరేచనాల జబ్బు.. మందు దొరికేదాకా ఆగని యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు అనగానే ఏటీపీ, క్యాన్సర్ మందు, టెట్రాసైక్లిన్ గుర్తుకొస్తాయి. ఆయనను పరిశోధన వైపు నెట్టింది మాత్రం ఇంట్లో జరిగిన ఒక విషాదం. వారాలు, నెలల తరబడి తగ్గని విరేచనాలు, నోటిపూత, పాలిపోయిన ఒళ్లు, తిన్నది ఒంటికి పట్టకపోవడం.. వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అనే ఈ జబ్బును మన దగ్గర సంగ్రహణి అంటారు. సుబ్బారావు సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో దీనికే బలయ్యారు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ పట్టుదల మనిషి. పదమూడేళ్లప్పుడు యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని కొడుకు కాశీకి బయల్దేరితే, ఆమె వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది శస్త్రచికిత్స ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత సుబ్బారావుకూ స్ప్రూ సోకింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. అన్నదమ్ముల ప్రాణం తీసిన జబ్బు తనను ఎందుకు వదిలిందన్న ప్రశ్న మాత్రం ఆయనను వదల్లేదు.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ట్రస్టు ఆసరాతో అమెరికా వెళ్లారు. అక్టోబరులో బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లోని ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. జీవరసాయన విద్యార్థులు నేటికీ ఆ పద్ధతిని నేర్చుకుంటున్నారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారి, పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఆకుకూరలో ఉన్నదే ప్రయోగశాలలో

స్ప్రూ రోగుల్లో రక్తం పలచబడుతుంది. ఎర్రకణాలు పెద్దవిగా, తక్కువ సంఖ్యలో తయారవుతాయి. ఇలాంటి రక్తహీనతనే 1928 తర్వాత బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణులైన మిల్లు కార్మికుల్లో చూశారు. ఈస్ట్ సారంతో అది తగ్గుతోందని కనిపెట్టారు. ఈస్ట్‌లో, కాలేయంలో, ఆకుకూరల్లో ఉన్న ఆ పదార్థం ఏమిటన్నది ఏళ్ల తరబడి తేలలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి కాస్త పదార్థాన్ని రాబట్టి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

టన్నుల కొద్దీ ఆకు నలిపితే చిటికెడు వచ్చే పదార్థంతో రోగులకు వైద్యం చేయలేం. సుబ్బారావు బృందం దాన్ని కాలేయం నుంచి శుద్ధంగా వేరుచేసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. వెంటనే అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ క్యూబా, ప్యూర్టోరికోల్లోని స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్లకు ఆకలి పుట్టింది, నోటిపూత మానింది, రక్తం పెరిగింది.

అది మంత్రం కాదు. స్ప్రూలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. పోషకాలను పీల్చుకునే వేళ్లలాంటి మొనలు చదునైపోతాయి. ఫోలిక్ యాసిడ్‌తో పాటు బి12 కూడా తగ్గుతుంది. బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగైనా నరాలు దెబ్బతినవచ్చు. పేగుల్లో పెరిగిపోయిన సూక్ష్మజీవులనూ అదుపు చేయాలి. అందుకే తర్వాతి కాలంలో పెద్దలకు ఫోలిక్ యాసిడ్‌తో పాటు కొన్ని నెలలు టెట్రాసైక్లిన్ ఇవ్వడం ఆనవాయితీ అయింది. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నదీ సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలోనే. అంటే ఆయన సోదరులను చంపిన జబ్బుకు చికిత్సలోని రెండు భాగాలూ ఒకే చోట పుట్టాయి. అప్పటికి ఆ ఇద్దరూ పోయి పాతికేళ్లు.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ కూడా అక్కడే తయారైంది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948లో తొలిసారిగా జబ్బును తాత్కాలికంగా తగ్గించగలిగారు. ఫైలేరియాకు వాడే డైఈథైల్‌కార్బమజైన్‌దీ ఆ ప్రయోగశాలే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. స్వదేశానికి మళ్లీ రాలేదు, శేషగిరిని మళ్లీ చూడలేదు.

ఈ రోజు బిడ్డకు ఇదైతే?

స్ప్రూ కథ ఆయనతో ముగియలేదు. 1960ల మొదట్లో పుదుచ్చేరికి ఎంతో దూరం లేని వేలూరు చుట్టుపక్కల గ్రామాల్లో అది ఊళ్లకు ఊళ్లనే పట్టింది. ఇప్పుడు అరుదైనా, పిల్లల్లో రోజుల తరబడి తగ్గని విరేచనాలు మాత్రం పోలేదు. 14 రోజులు దాటితే మామూలు విరేచనాలుగా చూడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కారణాలు చాలా ఉంటాయి. ఇన్‌ఫెక్షన్ తర్వాత పాలలోని చక్కెర పడకపోవచ్చు. జియార్డియా వంటి పరాన్నజీవి కావచ్చు. గోధుమ పడని సీలియాక్ జబ్బు కావచ్చు. పోషకాహార లోపం కావచ్చు. జిప్మర్ లాంటి పెద్దాసుపత్రుల్లో అవసరమైతే పేగు లోపలి ముక్క తీసి పరీక్షించి తేలుస్తారు.

ఈలోగా ఇంట్లో చేయాల్సింది కొంత ఉంది. ఓఆర్‌ఎస్ ఆపకూడదు. తల్లిపాలు మానకూడదు. లంఖణం పెట్టడం మంచిది కాదు, పేగు మళ్లీ కోలుకోవడానికి తిండే కావాలి. వైద్యులు చెప్పిన మేరకు జింక్ ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి 10 చొప్పున 10 నుంచి 14 రోజులు ఇస్తారు. తోచిన యాంటీబయాటిక్ కొని వేయకూడదు. టెట్రాసైక్లిన్‌ ఎనిమిదేళ్లలోపు పిల్లల పళ్లపై శాశ్వతంగా మచ్చలు వేయగలదు. మలంలో రక్తం, బరువు తగ్గడం, కళ్లు లోపలికి పోవడం, నీళ్లు తాగలేకపోవడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

విరేచనాలు వీడని పిల్లలకు రెండు వారాలు ఇవ్వాలని అదే సంస్థ సూచించిన విటమిన్ల జాబితాలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలోనూ అదే ఉంటుంది. పురుషోత్తం, కృష్ణమూర్తి జబ్బుపడిన రోజుల్లో ఆ మాత్ర ప్రపంచంలో ఎక్కడా దొరికేది కాదు.