అర్జీలు చదివిన అధికారి: థామస్ డ్రమండ్

అర్జీ వ్రాయించడం, జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడడం మన పెద్దలకు బాగా తెలిసిన పని. చదువురాని రైతు బడిపంతులు గారి అరుగుమీద కూర్చుని తన కష్టమంతా చెప్పుకొని, దొరవారికి కాగితం వ్రాయించుకునేవాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఐర్లండు దేశంలో కూడా ఇదే జరిగింది. అక్కడివారి కాగితాలన్నీ డబ్లిన్ కోటకు చేరేవి. రాజప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంటు పేర, ఆయన కార్యదర్శుల పేర ఏటేటా వేలకొలది అర్జీలు వచ్చేవి. పన్నుకింద ఆవును తోలుకుపోయారని ఒక విధవరాలు వ్రాయించేది. ఆస్ట్రేలియా ద్వీపాంతరవాసానికి పంపబడిన తన భర్తను క్షమించండి, లేదా నన్నయినా అక్కడికి పంపండి అని ఒక ఇల్లాలు వేడుకొనేది. పోలీసు కొట్టాడని ఒకరు, మేజిస్ట్రేటు పక్షపాతం చూపాడని మరొకరు మొరపెట్టేవారు. ఇంగ్లీషు రాని ఐరిష్ భాషవారికి పల్లె ఉపాధ్యాయుడే వ్రాతగాడు.

ఈ మొరలు దగ్గరలోని అధికారికి చెప్పుకోక కోటదాకా ఎందుకు పోయేవని చదువరులు అడుగవచ్చును. దగ్గరలోని అధికారి ఎవరో తెలిస్తే ఆ సందేహం తీరుతుంది. ఊరి భూస్వామే మేజిస్ట్రేటు. కౌలుదారును వెళ్లగొట్టేవాడూ, ఆ కౌలుదారు ఫిర్యాదు వినవలసినవాడూ అనేకచోట్ల ఒక్కడే.

దశమభాగం సంగతి మరీ ఘోరం. మన సంఘాలలో దశమభాగమంటే విశ్వాసి ఇష్టపూర్వకంగా తెచ్చి అర్పించేది. ఐర్లండులో అది చట్టబద్ధమైన పన్ను. 1834 లెక్కలలో దేశ జనాభా సుమారు 80 లక్షలు. అందులో దాదాపు 64 లక్షల మంది రోమన్ కతోలికులు. ప్రభుత్వ సంఘమైన ఆంగ్లికను సంఘంవారు ఎనిమిదిన్నర లక్షలు మాత్రమే. అయినా ఆ సంఘ గురువుల పోషణకు కతోలికు రైతులు, ప్రెస్బిటేరియనులు దశమభాగం చెల్లించి తీరవలెను. ఇవ్వని వారి పశువులను జప్తు చేసేవారు. 1834 డిసెంబరు 18న కార్క్ జిల్లాలో రాత్‌కార్మక్ దగ్గర ఒక విధవరాలి పొలానికి ఈ బాకీ వసూలుకై సైనికులను తీసుకొని వెళ్లారు. కాల్పులు జరిగి అనేకులు చనిపోయారు. బాకీ రావలసిన ఆర్చిడీకనుగారే అక్కడ మేజిస్ట్రేటు కూడాను! ఆంగ్లికను సంప్రదాయం తెలిసిన మనకు ఈ చరిత్ర చదవడం సుఖంగా ఉండదు. అయినా చదవక తప్పదు.

ఈ కాల్పులు జరిగిన ఏడు నెలలకు, 1835 జూలైలో, డబ్లిన్ కోటలో అండర్ సెక్రటరీగా కూర్చున్న వ్యక్తి థామస్ డ్రమండ్. ఆయన ఐర్లండువాడు కాడు. 1797 అక్టోబరు 10న స్కాట్లండు రాజధాని ఎడింబరోలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోగా తల్లి పెంచి పెద్దచేసింది. లెక్కలలో గట్టివాడు కావడంచేత వూలిచ్ సైనిక విద్యాలయంలో చేరి, రాయల్ ఇంజనీర్స్ దళంలో ఉద్యోగి అయ్యారు. 1820లో థామస్ కోల్బీ అనే అధికారి ఆయనను దేశపటాలు తయారుచేసే సర్వే శాఖలోకి తీసుకున్నారు.

ఐర్లండు కొండలమీద సర్వే జరుగుతున్నప్పుడు మంచువల్ల, పొగమంచువల్ల దూరపు గుర్తులు కనబడేవి కావు. సున్నపురాయి ముక్కను మండే వాయువుల జ్వాలలో కాల్చితే కళ్లు మిరుమిట్లు గొలిపే కాంతి వస్తుందని గర్నీ అనే ఆయన అప్పటికే కనిపెట్టి ఉన్నారు. ఫారడే ప్రసంగంలో ఆ వెలుగును చూసిన డ్రమండ్ దానిని సర్వే పనికి తగిన దీపంగా మలిచారు. 1825 చివరలో, గడ్డకట్టే చలిలో, డొనెగల్ జిల్లాలోని స్లీవ్ స్నాక్ట్ కొండమీద ఆ దీపం వెలిగించగా, సుమారు 66 మైళ్ల దూరంలో బెల్‌ఫాస్టు దగ్గర డివిస్ కొండమీద ఉన్నవారికి అది నక్షత్రంవలె కనబడింది. నాటకశాలలలో వాడిన లైమ్‌లైట్ ఈ జాతి దీపమే.

ఇక్కడ మనకు కూడా ఒక చిన్న సంబంధం ఉన్నది. హైదరాబాదు సంస్థానంలో కృష్ణా గోదావరుల మధ్య అడవులలో సర్వే చేస్తూ జ్వరపడిన జార్జి ఎవరెస్టు, తరువాత సెలవుమీద వెళ్లి 1829లో ఐర్లండు సర్వే పద్ధతులు చూసి వచ్చారు. ఎండకు చలికి పొడవు మారని కొలత కడ్డీలను కోల్బీ, డ్రమండ్ సహాయంతో తయారుచేయించి ఉన్నారు. అటువంటి కడ్డీలనే ఎవరెస్టు ఇండియాకు తెచ్చారు. 1841లో బీదరు దగ్గర భూమి కొలిచింది వాటితోనే.

కొండలమీద గుడారాలలో గడిపిన ఆ యేండ్లలో డ్రమండ్ కొలతలతోపాటు మనుష్యులను కూడా చూశారు. పొగచూరిన మట్టిగుడిసెలు, బంగాళాదుంప తప్ప వేరే ఆహారమెరుగని కుటుంబాలు, కౌలు ఎప్పుడు పోతుందో తెలియని బ్రతుకులు ఆయన కళ్లబడ్డాయి. 1831-32లో పార్లమెంటు నియోజకవర్గాల సరిహద్దులు నిర్ణయించే పనిలో రాజకీయ నాయకుల మెప్పు పొంది, లార్డ్ ఆల్‌తోర్పుకు కార్యదర్శి అయ్యారు. 1835లో ఐర్లండు ఉద్యోగం వచ్చింది. ఆ యేడే మరియా కినెర్డ్ అనే ఆమెను వివాహమాడారు. తరువాత ముగ్గురు కుమార్తెలు కలిగారు.

రాజప్రతినిధిగా లార్డ్ మల్‌గ్రేవ్, ముఖ్య కార్యదర్శిగా లార్డ్ మోర్పెత్ ఉండేవారు. మోర్పెత్ పార్లమెంటు సభ్యుడు గనుక లండనులో ఎక్కువకాలం గడపవలసి వచ్చేది. రోజువారీ పాలన అంతా డ్రమండ్ చేతిమీదుగానే జరిగేది.

ఆయన చేసిన మార్పు పైకి చాలా చిన్నదిగా కనబడుతుంది. అర్జీ వచ్చినప్పుడు దానిని స్థానిక మేజిస్ట్రేటుల అభిప్రాయానికి పంపడం పాత అలవాటు. అంటే ఎవరిమీద ఫిర్యాదో వారి చేతిలోనే పెట్టినట్లు! డ్రమండ్ జీతం తీసుకునే ప్రభుత్వ మేజిస్ట్రేటులను జిల్లాలలో వేసి, విచారణ వారిచేత, పోలీసు అధికారులచేత చేయించారు. 1836 చట్టంతో పోలీసుల నియామకం భూస్వాముల చేతినుండి తప్పించి కోట అధికారం క్రిందికి తెచ్చారు. కతోలికులను విరివిగా చేర్చుకున్నారు. రహస్య సంఘాలలో సభ్యత్వం పోలీసులకు నిషేధమైంది. ఆ యేడే మైకేల్ ఓలోక్లెన్ అనే కతోలికుడు ఉన్నత న్యాయమూర్తి అయ్యారు. దాదాపు నూట ఏభై సంవత్సరాలలో అటువంటి నియామకం అదే మొదటిది. దశమభాగం వసూలుకు పోలీసులను తోడు పంపమంటే, శాంతిభంగం జరుగుతుందని ప్రమాణపూర్వకంగా రుజువు చూపితే తప్ప పంపనన్నారు. 1837లో వెర్నర్ అనే కర్నలు, పార్లమెంటు సభ్యుడు కూడాను, ఒక ఎన్నికల విందులో 1795 నాటి మతకలహపు విజయాన్ని తలచుకొని పానం చేశాడని తెలిసినప్పుడు, డ్రమండ్ సంజాయిషీ కోరుతూ జాబు వ్రాశారు. చివరకు కర్నలుగారి మేజిస్ట్రేటు పదవి పోయింది.

ఖైదీల అర్జీల విషయంలో మల్‌గ్రేవ్ మరీ ముందుకు పోయి, జైళ్లను తానే దర్శించి అనేకులను విడిచిపెట్టారు. దీనిమీద ప్రభువుల సభలో పెద్ద దుమారం లేచింది. కొన్ని విడుదలలు తొందరపాటువే అయి ఉండవచ్చును. అయినా జవాబు వస్తుందన్న నమ్మకం పుట్టడంచేత, రాత్రివేళ ముసుగువేసుకొని పగతీర్చుకునే రహస్య దళాలకు బదులు కాగితం, సిరా వాడవచ్చునని కొందరికైనా తోచి ఉంటుందని నా ఊహ.

ఆ కాలపు అర్జీలలో ఒకదానిని చెప్పకుండా ఉండలేను. డ్రమండ్ ఒకనాడు దీపం వెలిగించిన డొనెగల్ జిల్లాలోనే, పడమటి సముద్రతీరాన గ్వీడోర్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడి ఉపాధ్యాయుడు ప్యాట్రిక్ మెకై 1837లో రాజప్రతినిధికి అర్జీ పంపారు. ఆయన కన్నీళ్లు కార్చలేదు, లెక్క వ్రాశారు. తన విచారణలో నాలుగువేల మంది ఉన్నారని, వారందరికీ కలిపి బండి ఒకటి, నాగలి ఒకటి, పారలు 20, కుర్చీలు 93, ముక్కాలి పీటలు 243, భోజనపు ఫోర్కులు 7, ఈకల పరుపులు 2 మాత్రమే ఉన్నాయని తెలిపారు. గోడగడియారం ఒక్కటీ లేదు. జేబు గడియారాలు మూడు. పండ్లచెట్టు లేదు, పంది లేదు. గుడి, బడి, గురువుగారి ఇల్లు, పోలీసు ఠాణా వంటి ఒకటి రెండు కట్టడాలు తీసివేస్తే, ఊళ్లన్నిటి కిటికీలలో ఉన్న అద్దం పది చదరపుటడుగులకు మించదట. ఆ ప్రాంతపు భూములు తరువాత కొన్న లార్డ్ జార్జి హిల్ ఈ అర్జీని 1845లో తన పుస్తకంలో అచ్చువేయడంవల్ల అది నేటికీ ప్రసిద్ధం. సర్వే ఇంజనీరును ఒప్పించగల భాష ఏదైనా ఉంటే అది ఇటువంటి లెక్కే.

బీదలు మాత్రమే అర్జీలు పంపారనుకోరాదు. ఘనులు కూడా పంపారు. డ్రమండ్ పేరు శాశ్వతంగా నిలిచింది ఆ రెండవ రకపు అర్జీవల్లనే.

టిప్పరరీ జిల్లా సారవంతమైనది, కలహాలకు పెట్టింది పేరు. 1838 ఏప్రిల్‌లో అక్కడ ఆస్టిన్ కూపర్ అనే భూస్వామి కాల్చి చంపబడ్డారు. జిల్లా మేజిస్ట్రేటులు సమావేశమై, ప్రాణానికి ఆస్తికి రక్షణ లేదని, కఠినమైన చట్టాలు కావాలని కోరుతూ కోటకు మహజరు పంపారు. సంతకాలు చేసినవారు పలుకుబడిగల పెద్దలు. అటువంటివారికి మర్యాదగా నాలుగు మాటలు వ్రాసి, నాలుగు దళాలు అదనంగా పంపడం ఆనవాయితీ.

డ్రమండ్ అలా చేయలేదు. విధవరాలి అర్జీని పరిశీలించిన పద్ధతిలోనే ప్రభువుల అర్జీనీ పరిశీలించారు. నేరాల లెక్కలు తెప్పించారు. న్యాయస్థానాలనుండి, కౌలుదారులను భూమినుండి తొలగించే దావాల లెక్కలు కూడా తెప్పించారు. 1838 మే 22న జిల్లా పెద్ద అయిన లార్డ్ డోనమోర్‌కు జవాబు వెళ్లింది. హత్యలు ఘోరమైనవే, దోషులను విడిచిపెట్టబోమని తెలుపుతూనే, 1837లో వేసిన తొలగింపు దావాలు 1833 నాటికి రెట్టింపుకు తగ్గవని ఆయన ఎత్తిచూపారు. దిక్కులేని కుటుంబాలను గుంపులు గుంపులుగా రోడ్డున పడవేసినచోట చట్టమొక్కటే శాంతి తేలేదని తెలిపారు. ఆస్తి ఉన్నవారికి హక్కులతోపాటు విధులు కూడా ఉన్నవని, ఆ విధులను చాలాకాలం ఉపేక్షించడమే ఈ రోగానికి మూలమని స్పష్టంగా వ్రాశారు.

ఫిర్యాదు చేసినవారే ఫిర్యాదుకు కారణమని తేలింది! ఆ జవాబును గ్రహీతలు వెంటనే బయటపెట్టలేదు. బయటపెడితే జనం రెచ్చిపోతారని వారి భయం. పార్లమెంటు ద్వారా అది వెలువడిన తరువాత హక్కులు విధులు అన్న ఆ మాట ఐర్లండంతటా సామెత అయిపోయింది. ఆ వాక్యం డ్రమండ్ సొంతమా, తోటి అధికారులదా అని తరువాత చరిత్రకారులు తర్కించారు. నన్నడిగితే అది అంత ముఖ్యం కాదు. సంతకం ఆయనది, తిట్లు తిన్నది ఆయన.

తిట్లకు కొదువలేదు. 1839లో ప్రభువుల సభ ఐర్లండు నేరాలపై విచారణ సంఘం వేసి, డ్రమండ్‌ను పిలిచి దినాల తరబడి ప్రశ్నించింది. అదే కాలంలో ఆయన రైల్వే విచారణ సంఘంలో కూడా పనిచేస్తున్నారు. పని కల్పించడానికి ప్రభుత్వమే రైలుమార్గాలు వేయాలని 1838లో ఆ సంఘం సలహా ఇచ్చింది. పార్లమెంటు దానిని సాగనివ్వలేదు. పగలు కోట, రాత్రి నివేదికలు. శరీరం తట్టుకోలేకపోయింది. 1840 ఏప్రిల్ 15న డబ్లిన్‌లో మరణించారు. వయస్సు 42. తాను పనిచేసిన ఐర్లండులోనే సమాధి చేయమని కోరగా, డబ్లిన్‌లోని మౌంట్ జెరోమ్ శ్మశానవాటికలో ఉంచారు. జాన్ హోగన్ చెక్కిన ఆయన శిల్పం డబ్లిన్ సిటీ హాలులో ఉన్నది.

ఆయన కట్టిన పోలీసు వ్యవస్థ చరిత్ర మాత్రం వంకరదారి పట్టింది. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి కరువు వచ్చినప్పుడు, తరువాతి దశాబ్దాలలోనూ, కౌలుదారుల ఇండ్లు కూల్చేచోట కాపలా నిలిచింది ఆ పోలీసులే. 1859లో మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలలో కూడా, ఏర్పడిన పోలీసు శాఖకు ఐర్లండు పోలీసే ఒక నమూనా.

1922 జూన్‌లో అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం తగలబడి, ఐర్లండు పాత రికార్డులు శతాబ్దాలవి బూడిదయ్యాయి. ఈ అర్జీలు మాత్రం కోటలోనే వేరే భద్రపరచి ఉండడంచేత మిగిలాయి. అవి ఇప్పుడు డబ్లిన్ జాతీయ పత్రాగారంలో ఉన్నవి. ఆవు పోయిన విధవరాళ్లవి, ఖైదీల భార్యలవి, పల్లె పంతుళ్ల చేతివ్రాతవి, కొన్ని సంతకాలతో, చాలావరకు గుణకారపు గుర్తులతో.