గరిటె లేకుండా కలిపే విద్య: నికోలా టెస్లా

కుండలోని పులుసును గరిటెతో కలుపుతాము. మరి నిప్పువలె కాగే కరిగిన ఉక్కును దేనితో కలపగలము? దానికి మార్గం చూపిన సూత్రం ఒక పట్టుదల గల విద్యార్థి ఆలోచనలో పుట్టింది.

నికోలా టెస్లా 1856 జూలై 10వ తేదీన, నేటి క్రొయేషియా దేశంలోని స్మిల్యాన్ గ్రామంలో ఒక సెర్బియన్ కుటుంబంలో జన్మించారు. తల్లి చదువుకోకపోయినా, ఇంటికి కావలసిన పనిముట్లను తానే ఊహించి చేసుకునేవారు. తండ్రి మతాచార్యులు, కుమారుడు కూడా తనవలెనే కావాలని కోరారు. అయితే టెస్లాకు కలరా సోకి ప్రాణాపాయం కలిగినప్పుడు, కోలుకుంటే ఇంజనీరింగు చదివిస్తానని మాట ఇచ్చారు.

1875లో టెస్లా గ్రాజ్ నగరంలో చదువుకు చేరారు. అక్కడ ఒక విద్యుత్ యంత్రం తిరుగుతున్నప్పుడు, దానిలో విద్యుత్తును అందించే భాగాలు ఒరుసుకొని నిప్పురవ్వలు రాలడం గమనించారు. ఆ ఒరిపిడి లేకుండానే యంత్రాన్ని నడపవచ్చునని ఆయన అనగా, అది అసాధ్యమని ఆచార్యులు తరగతిలోనే ఖండించారు. పట్టా పొందకుండానే ఆయన చదువు ముగిసింది. ఆ ఆలోచన మాత్రం ముగియలేదు.

1882లో బుడాపెస్టు ఉద్యానవనంలో మిత్రునితో నడుస్తుండగా ఆయనకు పరిష్కారం స్ఫురించింది. వెంటనే కర్రతో నేలపై పటం గీసి చూపారు. తీగచుట్టలను వలయంగా అమర్చి, వాటికి ఒకదాని తరువాత ఒకటిగా హెచ్చి తగ్గే విద్యుత్తును అందిస్తే, చుట్టలు కదలకపోయినా వాటి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. మధ్యనున్న లోహాన్ని అది తాకకుండానే తిప్పుతుంది. ఆ కాలంలోనే ఇటలీలో గెలీలియో ఫెరారిస్ కూడా ఈ సూత్రాన్ని స్వతంత్రంగా కనుగొన్నారు.

1884లో టెస్లా అమెరికా చేరారు. రెండేళ్ళకు ఉపాధి లేక, కూలికి కందకాలు త్రవ్వారు. 1888లో ఆయన మోటారుకు పేటెంట్లు లభించాయి. 1893లో షికాగో ప్రదర్శనలో రాగి గ్రుడ్డు ఒకటి ఈ క్షేత్రంలో గిరగిర తిరిగి నిటారుగా నిలిచింది.

తరువాతి ఇంజనీర్లు ఈ సూత్రాన్నే ద్రవాలకు ఉపయోగించారు. ఉక్కు కర్మాగారాలలో తిరిగే క్షేత్రం కరిగిన ఉక్కులో విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. అప్పుడు ఉక్కే సుడి తిరిగి కలుస్తుంది. నీటిలో విద్యుత్తు అంతగా పారదు. కనుక ప్రయోగశాలలో పాత్రలోని ద్రవంలో చిన్న అయస్కాంత కడ్డీని వేస్తారు. పాత్ర క్రింద తిరిగే క్షేత్రం కడ్డీని త్రిప్పుతుంది; కడ్డీ ద్రవాన్ని కలుపుతుంది. మూత తీయనక్కరలేదు.

టెస్లా 1943 జనవరి 7వ తేదీన న్యూయార్క్‌లోని ఒక హోటలు గదిలో, సంపద లేక, ఒంటరిగా మరణించారు. 1960లో అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణానికి టెస్లా అని పేరు పెట్టారు. అసాధ్యమని తరగతిలో త్రోసివేయబడిన ఆలోచన గల విద్యార్థి పేరును నేడు తరగతులలో నేర్పుతున్నారు.