ఒంటరి బాటసారి ఇడా ఫైఫర్

యాత్రికుల పేర్లు చెప్పుమంటే మన విద్యార్థులు ఇబ్న్ బతూతా అంటారు, హ్యూయన్‌త్సాంగ్ అంటారు. తెలుగు శ్రద్ధగా చదివినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారిని స్మరిస్తారు. వీరందరూ పురుషులు. వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయలుదేరినప్పుడు వెంట పెద్ద పరివారమే ఉన్నది. ఆ తరువాత పన్నెండేండ్లకే, వెంట ఎవ్వరూ లేకుండా, చేతిలో చాలినంత ధనమైనా లేకుండా ఇల్లు విడిచి, రెండు పర్యాయములు భూమిని చుట్టివచ్చిన ఒక స్త్రీ వృత్తాంతమును మేమిక్కడ చెప్పదలచినాము.

ఆమె ఇడా ఫైఫర్. 1797 అక్టోబరు 14న వియన్నాలో ఒక సంపన్న వస్త్రవ్యాపారి ఇంట జన్మించింది. తండ్రి ఆమెను సోదరులతో సమానంగా, వారి దుస్తులలోనే, కఠినమైన క్రమశిక్షణలో పెంచినాడు. ఆమెకు తొమ్మిదవ ఏట ఆయన మరణించాడు. తల్లి వెంటనే ఆడపిల్లల దుస్తులు తొడిగించి పియానో ముందు కూర్చోబెట్టింది. ఆ వాద్యం తప్పించుకొనేందుకు ఆ పిల్ల తన వ్రేళ్లను తానే గాయపరచుకొనేదట! యౌవనంలో ఒక ఉపాధ్యాయుని ప్రేమించింది; తల్లి ఒప్పుకొనలేదు. చివరకు 1820లో తనకంటే ఇరువది నాలుగేండ్లు పెద్దవాడైన డాక్టర్ ఫైఫర్ అనే న్యాయవాదిని వివాహమాడి లెంబర్గు చేరింది.

భర్త నిజాయితీపరుడు. అక్కడి అధికారుల అవినీతిని బయటపెట్టినందుకు ఆయన వృత్తి దెబ్బతిన్నది. సంసారం దారిద్ర్యంలో పడినది. ధనవంతుని కుమార్తె ఎవరికీ తెలియకుండా చిత్రలేఖనం, సంగీతం నేర్పి ఇద్దరు కుమారులను పోషించింది. ఏ సంగీతాన్ని బాల్యంలో ద్వేషించినదో అదే ఇప్పుడు అన్నం పెట్టినది. సముద్రమును చూడవలెనన్న కోరికను మాత్రం ఆమె ఎవరితోనూ అనక, కుమారులు స్వంత కాళ్లపై నిలబడేవరకు లోలోపల దాచుకొన్నది.

1842 మార్చి 22న, నలుబది నాలుగవ ఏట, వీలునామా వ్రాసి డాన్యూబ్ నదిలో ఆవిరిపడవ ఎక్కింది. కాన్‌స్టాంటినోపిల్‌లో ఉన్న స్నేహితురాలిని చూడబోతున్నానని బంధువులకు చెప్పినది. గమ్యం జెరూసలేము అని చెప్పి ఉంటే ఎవరూ పోనిచ్చేవారు కారు. ఆమె ఈ అసత్యమును మేము సమర్థింపబోము. అయితే దానిని ఆడించినవారెవరో కూడ ఆలోచింపవలె. జెరూసలేము, ఈజిప్టు, ఇటలీ చూచి ఆ సంవత్సరాంతానికే తిరిగివచ్చి వ్రాసిన పుస్తకం ఆమెకు కొంత సొమ్ము తెచ్చినది. ఆ సొమ్ముతో 1845లో ఐస్‌లాండు వెళ్లి హెక్లా అగ్నిపర్వతం ఎక్కినది. ఆ తరువాత జీవితమంతా ఇదే పద్ధతి: ఒక యాత్ర, దాని పుస్తకం, ఆ ప్రతిఫలంతో మరొక యాత్ర. దారిలో ఏరిన మొక్కలను, కీటకములను వస్తుప్రదర్శనశాలలకు అమ్మేది.

1846లో మొదటి భూప్రదక్షిణం ఆరంభమైనది. బ్రెజిలులో కత్తితో మీదపడిన దుండగుని గొడుగుతో, జేబుకత్తితో ఎదుర్కొన్నది. తహితి, కాంటన్, సింహళం మీదుగా కలకత్తా చేరి, కాశీ, ఢిల్లీ చూచి, ఎడ్లబండ్లమీద దక్షిణానికి దిగింది. ఆనాడు నిజాం రాజ్యంలోనిదైన ఔరంగాబాదు ప్రాంతమునకు వచ్చి ఎల్లోరా గుహలను, దౌలతాబాదు దుర్గమును దర్శించినది. మన పాఠకులకిది సంతోషకరమైన విషయం.

ఆమె ధైర్యమునకు నిజమైన పరీక్ష 1848 వేసవిలో జరిగినది. బాగ్దాదు నుండి మోసులుకు ఎడారిదారి. ఐరోపావారు అంగరక్షకులు లేనిదే ఆ దారి త్రొక్కేవారు కారు. ఈమె ఒక కంచరగాడిదను కిరాయికి మాట్లాడుకొని, పేదవర్తకుల బిడారులో కలిసిపోయింది. పగలు మాడ్చే ఎండ, రాత్రి ప్రయాణం. రొట్టెలు, ఖర్జూరములు ఆహారం. మోసులులో తన వ్రాతప్రతులను స్వదేశానికి పంపివేసింది. తాను దారిలో హతమైనా దినచర్య కుమారులకు చేరవలెనని ఆమె ముందుచూపు. కుర్దుల కొండలు దాటి తబ్రీజు చేరేసరికి, ఒక స్త్రీ ఒంటరిగా ఆ దారిన వచ్చిందంటే అక్కడి ఐరోపావారు ఆశ్చర్యపోయినారు.

ఇక్కడ మేమొక మాట దాచలేము. తాను చూచిన అంతఃపురముల గురించి, ఆసియా, ఆఫ్రికా ప్రజల రూపురేఖల గురించి ఆమె వ్రాతలలో చులకన తరచు కనిపిస్తుంది. ఆమెకు చోటిచ్చి, రొట్టె పంచి, క్షేమంగా గమ్యం చేర్చినవారు ఆ ప్రజలే. భాష తెలియని స్త్రీని చేతిలో పెట్టుకొని ఎడారి దాటించిన ఆ బిడారువాండ్ర పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ఆమె సాహసమును మెచ్చుకొనేటప్పుడు వారిని కూడ తలచుకొనుట న్యాయమని మా అభిప్రాయం.

1851లో రెండవ ప్రదక్షిణం. బోర్నియో అడవులు, సుమత్రాలో నరభక్షకులని పేరుపడిన బటాకుల సీమ, కాలిఫోర్నియా, పెరూ, ఈక్వడారు. బటాక్ యోధులు ఈటెలతో చుట్టుముట్టినప్పుడు, తాను ముసలిదాననని, తన మాంసం ఉడకదని వచ్చీరాని వారి భాషలోనే చెప్పి నవ్వించి బయటపడినది. బెర్లిను, పారిసు భూగోళ పరిషత్తులు ఆమెకు గౌరవ సభ్యత్వమిచ్చినవి. లండను పరిషత్తు మాత్రం, స్త్రీ అన్న ఒక్క కారణంతో, ఇవ్వలేదు.

1857లో మడగాస్కరు వెళ్లింది. రాణి రణవలోనాను పదవి నుండి తొలగించేందుకు కొందరు ఐరోపావారు పన్నిన కుట్ర బయటపడగా, వారితోపాటు ఈమెనూ దేశం నుండి వెళ్లగొట్టినారు. కొద్దిరోజులలో చేరదగిన సముద్రతీరమునకు, జ్వరములకు నిలయమైన చిత్తడి నేలలమీదుగా, సైనికుల కావలిలో 53 రోజులు నడిపించినారు. అప్పుడు పట్టుకొన్న జ్వరం ఆమెను విడువలేదు. 1858 అక్టోబరు 27న వియన్నాలో కన్నుమూసినది. చివరి యాత్ర దినచర్యను కుమారుడు ఆస్కారు 1861లో ప్రకటించినాడు. 1892లో, స్త్రీవిద్యకై పాటుపడుతుండిన వియన్నా మహిళలు పూనుకొని, ఆమె అస్థికలను ఆ నగర కేంద్ర శ్మశానవాటికలోని గౌరవస్థానానికి మార్పించినారు. ఆ నగర విశ్వవిద్యాలయం స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొన్నది మరి అయిదేండ్లకు, 1897లో.